కొత్త కడాయి మన షాపులో ఎందుకు లేదంటే

మన షాపు కస్టమర్లందరికీ నమస్కారం. దసరాకి వస్తుందని చెప్పిన మూడు పొరల స్టీల్ కడాయిని మేం అమ్మడం లేదు. సరుకు బేగంబజార్ దాకా వచ్చింది. డబ్బాలు విప్పి చూసి, మొత్తం వెనక్కి పంపేశాం. అడ్వాన్స్ కట్టిన అందరికీ డబ్బు తిరిగి ఇచ్చేస్తాం.

డిజైన్ మీద నాకు ఫిర్యాదు లేదు. కంపెనీవాళ్లు మొదట ఇచ్చిన శాంపిల్ నిజంగా మంచి వస్తువు. లోపల రివెట్లు లేవు, చెవులు బయటి వైపు నుంచే వెల్డింగ్ చేశారు. పాత రకంలో రివెట్ల చుట్టూ ఆవాలు, జిడ్డు చేరి పీచుతో ఎంత తోమినా నల్లగా మిగిలిపోతుంది. గిన్నెలు తోమేవాళ్లకి ఆ బాధ తెలుసు. ఈ కడాయిలో గరిటె అంచు దాకా అడ్డం లేకుండా తిరిగింది. పొడుగు పిడి బదులు రెండు చెవులు పెట్టారు, పొయ్యి మీద కడాయిని కొంచెం కొంచెం తిప్పుకోవడానికి అదే అనువు. అన్నిటికంటే ముఖ్యం, రెండు స్టీల్ రేకుల మధ్య అల్యూమినియం రేకు అడుగు నుంచి అంచు దాకా ఉంది. వేడిని పాకించడంలో అల్యూమినియం స్టెయిన్‌లెస్ స్టీల్ కన్నా పది రెట్లకు పైనే మెరుగు.

మా ఇంట్లో ఏ కడాయికైనా పరీక్ష సర్వపిండితోనే. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కరివేపాకు కలిపి చల్లటి కడాయిలో పక్కల దాకా పల్చగా ఒత్తాలి. వేలితో చిల్లులు పెట్టి, వాటిలో నూనె వేసి, మూతపెట్టి చిన్న మంట మీద కాల్చాలి. మధ్యలో కలపడం, తిప్పెయ్యడం ఉండవు కాబట్టి కడాయి లోపం ఏదైనా దీంట్లో బయటపడిపోతుంది. శాంపిల్‌లో అమ్మ చేసిన సర్వపిండి నడుమ, అంచుల్లో ఒకే రంగులో కాలి, అట్లకాడ పెట్టగానే మొత్తంగా లేచొచ్చింది. అది చూశాకే ఆర్డర్ పెట్టాను.

సరుకు వచ్చాక ఒక కడాయి ఇంటికి తీసుకెళ్లాను. అవే చెవులు, అదే మెరుపు, డబ్బా మీద అదే ట్రైప్లై (అంటే మూడు పొరలు) అన్న మాట. సర్వపిండి మాత్రం నడుమ బాగానే కాలి, దాని చుట్టూ నల్లగా మాడింది. అంచుల దగ్గర తెల్లగా పచ్చిగా ఉండి ముక్కలుగా విరిగింది. తిరగేసి చూస్తే అడుగున మూడు పొరల బిళ్ల అతికించారు, పక్కలన్నీ ఒంటి రేకు! గ్యాస్ మంట బిళ్ల దాటి పైకి ఎగబాకితే ఆ పల్చటి రేకు అక్కడికక్కడే వేడెక్కి మాడుస్తుంది. పైకి వేడి పాకదు.

సప్లయర్‌కి ఫోన్ చేస్తే, "మంట తగిలేది అడుక్కే కదా అన్నా, పక్కల సంగతి ఎవరు చూస్తారు? కస్టమర్లకి అంత తెలీదు" అన్నాడు. ఆ చివరి మాట నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు. మా నాన్నగారి కాలం నుంచి మా షాపుకి వచ్చే అమ్మలు గిన్నెని గోటితో కొట్టి, చేత్తో బరువు చూసి, అంచు తడిమి కొంటారు. వాళ్లకి తెలీదంటాడా?

వెనక్కి పంపడం తేలిగ్గా తేల్చుకున్న విషయం కాదు. పప్పు, చారు, పాలకి ఈ బిళ్ల అడుగు గిన్నె చక్కగా పనికొస్తుంది, ఎందుకంటే నీళ్లున్న వంటలో ఆ నీళ్లే వేడిని అన్ని వైపులకీ పంచుతాయి. ఉన్నదున్నట్టు చెప్పి ధర తగ్గించి అమ్ముదామని ఇంట్లో అన్నారు. అందులో తప్పేం లేదు కూడా. పండగ ముందు అంత డబ్బు ఇరుక్కుపోతే నిద్ర పట్టదు. కానీ కడాయి ఆకారంలో ఉన్న దాంట్లో జనం వేపుళ్లే చేస్తారు. డబ్బా మీద ఒకటి రాసి ఉంటే, పండగ రద్దీలో మా కుర్రాళ్లు ప్రతి ఒక్కరికీ ఇంకొకటి ఎలా వివరిస్తారు? నా వల్ల కాదనుకున్నాను. మేం కట్టిన దాంట్లో కొంత కోసుకుంటామని సప్లయర్ అంటున్నాడు. కోసుకోనివ్వండి, అది మా నష్టం, మీ మీద రూపాయి కూడా పడదు. ఆ కంపెనీ సరుకు మాత్రం ఇకమీదట మా గడప తొక్కదు.

మీరు ఎక్కడ కొన్నా ఒకటి చూడండి. అంచుని వెలుతురులో పెట్టి చూస్తే, రెండు మెరిసే గీతల మధ్య బూడిద రంగు గీత కనిపిస్తే పొర అంచు దాకా ఉన్నట్టు. అంచు మడిచేసి ఉంటే ఆ గీత కనపడదు, అప్పుడు షాపువాళ్లని గట్టిగా అడగండి. అడుగున బిళ్ల అతుకు విడిగా తెలుస్తుంటే పక్కలు ఒంటి రేకే అయ్యుండొచ్చు.

రివెట్ల కడాయి పాత ధరకే ఉంది, దాంట్లో అల్యూమినియం అంచు దాకా ఉంటుంది. అడ్వాన్స్ రసీదు తెస్తే అక్కడికక్కడే డబ్బు ఇచ్చేస్తాం. రాలేనివాళ్లు రసీదు ఫొటో వాట్సాప్‌లో పెట్టండి, ఫోన్‌పే చేస్తాం. రసీదు పోయినా పర్వాలేదు, పేర్లన్నీ మా పుస్తకంలో ఉన్నాయి.