చెక్కు ఇంకా నా సొరుగులోనే ఉంది

హోనొలులు,
18 డిసెంబరు 2010, శనివారం

ఒరేయ్ జాడీ,

నీ ఉత్తరం దసరా ముందు వచ్చింది. ఇప్పుడు క్రిస్మస్ వచ్చేస్తోంది. ఏ సాకు చెప్పినా నువ్వు నమ్మవు కాబట్టి చెప్పను. మన్నించు, అంతే. ఇక్కడి విశ్వవిద్యాలయంలో చదివే మన గాజువాక కుర్రవాడు ఈ రాత్రి విమానానికి ఊరికి వస్తున్నాడు. నాలుగింటికి వచ్చి ఉత్తరం తీసుకుంటానన్నాడు. ఒంటిగంట దాటింది. ఎంతవరకు రాయగలనో అంతవరకే.

ముందు మామూలు కబుర్లు. అమ్మ మోకాలు నయం. పెద్దది బాగా చదువుతోంది, చిన్నవాడు ఉకులేలే పట్టుకుని ఇల్లంతా మోగిస్తున్నాడు. ఆఫీసులో పని నెత్తిమీదికి వచ్చింది, ఎందుకో కింద తెలుస్తుంది. చెల్లెమ్మ బదిలీ సంగతి ఏమైంది? నీ రెండో ప్రశ్నకు జవాబు: లేదు, ఆ మూడో బెంచీ మనిషి మళ్లీ రాయలేదు. రాసినా నేను జవాబివ్వను. సరే.

ఇక అసలు సంగతి. పది రోజులుగా ఎవరితోనైనా చెప్పుకోకపోతే ఊపిరాడదన్నట్టు ఉంది. ఇంట్లో చెప్పాను, వాళ్లు విన్నారు, కానీ ఇది నువ్వు వినాల్సింది.

మా ఇంటి యజమాని గుర్తున్నాడు కదా, మామిడి చెట్టు కింద కుర్చీ వేసుకుని పేపరు పైకి చదివే పెద్దాయన? డెబ్బై ఎనిమిదేళ్లు. ఒబామా పుట్టిన ఊళ్లో ఉంటూ, చుట్టుపక్కల అందరూ డెమోక్రాట్లయినా, ఓటు వచ్చిన నాటి నుంచి రిపబ్లికన్లకే వేసిన మనిషి. ప్రభుత్వం చిన్నదిగా ఉండాలి, పన్ను తక్కువగా ఉండాలి, అప్పు అసలు ఉండకూడదు. ఆయన ఆర్థికశాస్త్రం అంతా ఈ మూడు మాటల్లో ఉంది. అయితే ఒక సంగతి నీకు ఎప్పుడూ రాయలేదు, ఎందుకంటే నాకే తెలియదు. ఆయన అన్న అరిజోనా ఓడలో చనిపోయాడు. పెర్ల్ హార్బర్‌లో, 1941లో జపాన్ దాడిలో. పంతొమ్మిదేళ్ల కుర్రవాడు. అప్పటికి ఈయనకు తొమ్మిది.

నవంబరు చివర్లో ఒకరోజు వచ్చి, “ఏడో తారీఖు పొద్దున కారు నడపగలవా?” అని అడిగాడు. పెద్దమ్మగారికి కళ్లు సరిగా కనిపించవు, అల్లుడికి దుకాణం. సరేనన్నాను. డిసెంబరు ఏడు ఆ దాడి జరిగిన రోజు. ఆ రోజు పెర్ల్ హార్బర్‌లో కొత్త సందర్శకుల కేంద్రాన్ని ప్రారంభించారు. పాతది పూడ్చిన నేల మీద కట్టింది, కుంగిపోతూ వచ్చిందట. దాడిని చూసి బతికిన వాళ్లు ముందు వరుసల్లో కూర్చున్నారు. కొందరు చక్రాల కుర్చీల్లో, కొందరు పూల చొక్కాల్లో. సరిగ్గా 7:55కి, అంటే 1941లో బాంబులు మొదలైన వేళకి, అందరూ మౌనం పాటించారు. అంత జనంలో ఒక్క దగ్గు కూడా వినిపించలేదు. పెద్దాయన టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. ఆ చెయ్యి వణుకుతుంటే నేను చూడనట్టు నీళ్లవైపు చూశాను.

నాకు ఆ నిమిషంలో ఎవరు గుర్తొచ్చారో చెప్పనా? మీ మామ్మ. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద బాంబులు పడినప్పుడు నగల పెట్టె వదిలేసి ఆవకాయ జాడీ ఎత్తుకుని చోడవరం బండెక్కిన మీ మామ్మ. ఆ కథ చెప్పిన ప్రతిసారీ ఆమె గొంతు ఒకచోట ఆగేది, నీకు గుర్తుందా? “రేవువైపు చూస్తే పొగ” అనే చోట. మనం నవ్వేవాళ్లం, ఆమె నవ్వేది కాదు. ఇక్కడ దాడి జరిగిన నాలుగు నెలలకే మన ఊరూ, కాకినాడా. బీచ్ రోడ్డు మ్యూజియంలో ఆ పేలని బాంబు ముందు నిలబడి వేరుశనగలు తిన్నాం మనం. ఆ వేరుశనగలు ఇప్పుడు తలుచుకుంటే మనసు చివుక్కుమంటోంది. కుర్రతనం, ఏమి తెలుసు.

తిరిగి వస్తుంటే కారు రేడియోలో అధ్యక్షుడి పత్రికా సమావేశం. నీకు అక్కడి పేపర్లలో ఎంత వచ్చిందో తెలియదు, రెండు ముక్కల్లో చెబుతాను. బుష్ హయాంలో 2001, 2003లలో తగ్గించిన ఆదాయపు పన్నులు ఈ డిసెంబరు 31తో పాత రేట్లకు వెళ్లిపోవాలి. రెండున్నర లక్షల డాలర్లకు మించి సంపాదించే కుటుంబాలకు తప్ప మిగతా వాళ్లకు తగ్గింపు ఉంచుదామని ఒబామా, అందరికీ ఉంచాల్సిందేనని రిపబ్లికన్లు. ఆరో తారీఖున రాజీ ప్రకటించారు: అందరికీ ఇంకో రెండేళ్లు పొడిగింపు. బదులుగా నిరుద్యోగ భృతి పదమూడు నెలలు పొడిగింపు, సోషల్ సెక్యూరిటీ అనే వృద్ధాప్య పింఛను కోసం జీతంలో కోసే 6.2 శాతం ఒక ఏడాదిపాటు 4.2. మర్నాడే, అంటే ఆ పొద్దున, ఒబామా తన పార్టీ వాళ్లకు సర్దిచెబుతూ రిపబ్లికన్లను బందీలను పట్టుకున్న వాళ్లతో పోల్చాడు. ప్రజలే బందీలు కాబట్టి బేరానికి ఒప్పుకోక తప్పలేదన్నట్టు మాట్లాడాడు.

నేను పెద్దాయనవైపు చూశాను. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. రేడియో కట్టేసి, “వీళ్లూ చెప్పలేదు, వాళ్లూ చెప్పలేదు, ఈ డబ్బు ఎక్కడినుంచి వస్తుందో” అన్నాడు. ఇల్లు చేరేదాకా మళ్లీ మాట్లాడలేదు.

ఆ రాత్రి మమ్మల్ని భోజనానికి పిలిచారు. ఏటా ఏడో తారీఖు రాత్రి వాళ్లింట్లో అందరూ కలిసి తింటారట. అల్లుడు కూడా రిపబ్లికనే, మామగారికంటే గట్టివాడు. హార్డ్‌వేర్ దుకాణం, పన్నెండు మంది పనివాళ్లు. దుకాణం ఉన్న నేల మాత్రం మామగారిది. అల్లుడు సంతోషంగా ఉన్నాడు. “మనవాళ్లు గెలిచారు. రేట్లు పెరగవు. వచ్చే ఏడాది ఇంకో ఇద్దరిని పనిలో పెట్టుకుంటాను” అన్నాడు. నేను కూడా తలూపాను. నాకు ఆ ఆనందం అర్థమవుతుంది. జనవరిలో పన్ను రేటు ఎంతో డిసెంబరులో కూడా తెలియకపోతే దుకాణదారుడు ఏ లెక్క వేసుకుంటాడు? పన్ను లెక్కలు వేయించుకోవడానికి నా దగ్గరికి వచ్చే వాళ్లంతా నెలల తరబడి అడిగిన ప్రశ్న అదే.

పెద్దాయన ఫోర్కు కింద పెట్టాడు. “గెలవడం అంటే ఏమిటి? పన్ను తగ్గించారు, ఖర్చు పెంచారు. రెండూ అప్పే. నవంబరు ఎన్నికల్లో మనవాళ్లకు అరవైకి పైగా కొత్త సీట్లు ఇచ్చింది ఇందుకా?” అల్లుడు, “ముందు పన్ను ఆపితే ఖర్చు దానంతట అదే ఆగుతుంది” అన్నాడు. “ముప్పై ఏళ్లుగా వింటున్నాను ఆ మాట. ఆగిందా?” అన్నాడు ఈయన.

అప్పుడు అల్లుడి నోట అనకూడని మాట వచ్చింది. కావాలని అనలేదు, లెక్క వివరించబోయి అన్నాడు. వారసులకు వచ్చే ఆస్తి మీద పన్ను ఉంది చూడు, వీళ్లు ‘చావు పన్ను’ అంటారు. ఈ ఒక్క ఏడాది ఆ పన్ను లేదు. రాజీ కుదరకపోతే జనవరి 1 నుంచి పది లక్షల డాలర్లు దాటిన ఆస్తి మీద 55 శాతం దాకా పడేది. రాజీతో మినహాయింపు యాభై లక్షలు, రేటు 35. “మామయ్యగారూ, ఈ ఒప్పందం లేకుండా జనవరి తర్వాత మీకేమైనా అయితే దుకాణం అమ్ముకోవలసిందే” అన్నాడు.

ఎవరూ కదలలేదు. ఆ తారీఖు, ఆ బల్ల దగ్గర, ఆ మాట. అల్లుడి ముఖం చూసి నాకు జాలేసింది.

అప్పుడు పెద్దమ్మగారు లేచి లోపలికి వెళ్లి ఒక డాలరు నోటు తెచ్చి బల్ల మీద పెట్టింది. మామూలు నోటు కాదురా. ముద్ర, అంకెలు గోధుమరంగులో ఉన్నాయి. వెనక్కి తిప్పితే ఈ చివరి నుంచి ఆ చివరి వరకు పెద్ద బోలు అక్షరాల్లో హవాయి అని అచ్చు. ముందువైపు రెండు అంచుల్లోనూ నిలువుగా అదే పేరు. మడత పెట్టిన చోట కాగితం గుడ్డలా మెత్తబడిపోయింది. 1942లో ఈ దీవులకోసమే వేశారట. జపాన్ సైన్యం దిగితే ఈ నోట్లు చెల్లవని ఒక్క ప్రకటన చేస్తే సరిపోతుంది, శత్రువు చేతికి డాలర్లు చిక్కవు. ఊళ్లోవాళ్లంతా తమ పాత నోట్లు ఇచ్చేసి ఇవి తీసుకోవాలి. అలా వచ్చిన ఇరవై కోట్ల డాలర్ల పాత నోట్లను కాల్చడానికి శ్మశానంలో కొలిమి చాలక అయియా చక్కెర మిల్లు కొలిమి కూడా వాడారు.

పెద్దమ్మగారు జపాన్ సంతతి మనిషి, ఇక్కడే పుట్టింది. వాళ్ల నాన్నకు చేపల కొట్టు. “పక్కింటివాళ్లు మమ్మల్ని అనుమానంగా చూసే రోజులు. మా నాన్న ఉన్న డబ్బంతా తీసుకెళ్లి ఇచ్చేశాడు. ఈ నోటు ఏ రోజైనా చిత్తుకాగితం కావచ్చని తెలుసు. తెలిసే తీసుకున్నాడు” అంది. అంతే అంది. అల్లుడు లేచి మామగారి దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వేశాడు. పెద్దాయన ఆ చేతిని తట్టాడు. తర్వాత తీపి తిన్నాం, ఎవరూ మాట్లాడలేదు.

పదో తారీఖున పేపర్లో క్రౌతామర్ వ్యాసం వచ్చింది, రిపబ్లికన్ల వైపు రాసే కాలమిస్టు. ఆయన ఈ రాజీని ఈ ఏటి మోసం అన్నాడు, రిపబ్లికన్లే మోసపోయారని. పెద్దాయన మామిడి చెట్టు కింద రెండుసార్లు పైకి చదివాడు. అదే రోజుల్లో, పన్నులు తగ్గాలని జీవితమంతా పోరాడే నార్‌క్విస్ట్ లాంటివాళ్లు మాత్రం ఒప్పందాన్ని సమర్థించారు. ఒకే గూటి పక్షులు ఇలా రెండుగా చీలిపోవడం నేను ఇంతకు ముందు చూడలేదు.

మర్నాడు, శనివారం, పెద్దాయనే అడిగాడు, అరిజోనా స్మారకానికి పడవలో వెళ్దామని. నౌకాదళం వాళ్ల పడవ. తెల్లటి కట్టడం, 184 అడుగుల పొడవు, మునిగిన ఓడకు అడ్డంగా ఉంటుంది కానీ దాన్ని ఎక్కడా తాకదు. చివర పాలరాతి గోడ మీద 1,177 పేర్లు. ఆయన వెతకలేదు, నేరుగా వెళ్లి నిలబడ్డాడు. పైనుంచి ఎన్నో వరుసో ఆయనకు తెలుసు. వాళ్లలో తొమ్మిది వందల మందికి పైగా ఇంకా ఆ ఓడలోనే ఉన్నారు, ఆయన అన్నతో సహా. కింద నీళ్లలో నూనె బొట్టు పైకి వచ్చింది. నేను చూశాను రా. ముందు నల్లగా చిన్న పూస, పైకి రాగానే విచ్చుకుని రంగులు తిరుగుతూ పలచగా పరుచుకుపోయింది. కాసేపటికి ఇంకోటి. 69 ఏళ్లుగా వస్తూనే ఉంది.

అక్కడ ఆయన చెప్పాడు. వాళ్ల నాన్న ఒమాహాలో రైల్వే వర్క్‌షాపు కార్మికుడు. యుద్ధానికి ముందు పన్ను కట్టే అవసరమే రాలేదు. దేశంలో నలభై లక్షల మంది కట్టేవాళ్లు, యుద్ధం ముగిసేసరికి నాలుగు కోట్లు దాటారు. అత్యధిక రేటు 94 శాతం దాకా వెళ్లింది. 1943లో జీతంలోనే కోయడం మొదలైంది. ఆ పద్ధతి తయారుచేసిన వాళ్లలో ఉన్న ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ తర్వాత దానికి చింతించాడని ఈయన ఎప్పుడూ చెబుతుంటాడు, అప్పుడు కూడా చెప్పాడు. “మొదటిసారి జీతం కోసిన రోజు నాన్న ఆ కాగితాన్ని అన్నయ్య ఫోటో పక్కన పెట్టాడు. ఎందుకు ఇస్తున్నాడో తెలుసు కాబట్టి. ఇప్పుడు రెండు యుద్ధాలు చేస్తున్నాం, ఎవరినీ ఏమీ అడగలేదు. అప్పు రాశారు. ఎవరి పేరున? నీ కొడుకు పేరున.”

నా కొడుకు పేరున అన్నాడురా. ఉకులేలే వాడి పేరున.

పడవ దిగాక బెంచీ మీద కూర్చుని ఒక పని అప్పగించాడు. “ఈ రాజీవల్ల వచ్చే ఏడాది నాకు ఎంత మిగులుతుందో లెక్క వెయ్యి.” వేశాను. సుమారు రెండు వేల నాలుగు వందల డాలర్లు. చట్టం చేసి పక్కవాడి జేబులోంచి తీయమని తాను అడగడట, తన జేబు తనది. ప్రభుత్వ రుణం తీర్చడానికి ఎవరైనా స్వచ్ఛందంగా డబ్బు పంపే ఖాతా ఒకటి ఉంది, 1961 నుంచీ ఉంది. వెస్ట్ వర్జీనియాలో పార్కర్స్‌బర్గ్‌కు చెక్కు పంపాలి. ఇన్నేళ్ల వృత్తిలో ఆ చిరునామా ఎవరూ నన్ను అడగలేదు. ఆయన ఆ మొత్తానికి చెక్కు రాసి నా చేతికిచ్చి, “ఒబామా సంతకం అయ్యాక పంపు” అన్నాడు.

రాజీ బిల్లు రెండు సభల్లోనూ నెగ్గింది: సెనేట్ 81–19, ప్రతినిధుల సభ 277–148. నిన్న ఒబామా సంతకం చేశాడు. మొత్తం ఖరీదు 85,800 కోట్ల డాలర్లు. ఇప్పటికే ఉన్న అప్పు 13 లక్షల కోట్ల పైమాట. దాని ముందు రెండు వేల నాలుగు వందలు! నువ్వు లెక్కల మాస్టారువి, ఆ భిన్నం ఎంతో వేసి చూడకు, నా మాట విను. నేను ఇప్పటికీ అల్లుడి పక్షమే. పన్ను పెంచితే ఆ దుకాణంలో ఇద్దరి ఉద్యోగాలు రావు, అది కళ్లారా చూస్తున్నాను. రాజీ కుదరాల్సిందే. కానీ ఖర్చులో ఒక్క రూకైనా తగ్గిస్తామని అందులో రాయించుకోకపోవడం తప్పు, పెద్ద తప్పు. ఈ మాట అల్లుడితోనూ అన్నాను.

నిన్న సాయంత్రం అల్లుడు మా ఆఫీసుకు వచ్చాడు. “మామయ్య ఏదో చెక్కు ఇచ్చాడట, ఎంత?” అని అడిగాడు. ఖాతాదారుల సంగతి చెప్పను కదా. చెప్పలేదు. కాసేపు నిలబడి, “మరి నాకు ఎంత మిగులుతుంది, అది చెప్పు” అన్నాడు. ఎందుకు అడిగాడో నాకు సరిగా తెలియలేదు. సోమవారం రమ్మన్నాను. పెద్దాయన చెక్కు కూడా సోమవారం పోస్టులో వేయాలి, ఇంకా నా సొరుగులోనే ఉంది, పొద్దుటినుంచి రెండుసార్లు తీసి చూశాను. అల్లుడు గనక నిజంగానే

కుర్రవాడు వచ్చేశాడు, ముందే వచ్చాడు, కింద హారను కొడుతున్నాడు. మ్యూజియంలో ఆ బాంబు ఇంకా ఉందా, వెళ్లి చూసి రాయి. మామ్మ ఫోటో ఒకటి పంపు, పెద్దమ్మగారికి చూపిస్తానని మాటిచ్చాను. జాడీ ఉన్నదే పంపు.

నీ
తాళంచెవి