నేల కుంగిందనడానికి ఇంకేం ఆధారం కావాలి మంత్రిగారూ?

గౌరవనీయులైన కేంద్ర మంత్రిగారికి,

పోర్ట్ బ్లెయిర్ నుంచి (మీరిప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు, అలాగే కానివ్వండి) ఒక తెలుగువాడి నమస్కారాలు.

అర్జీలు పెట్టి పెట్టి విసిగిపోయి ఇలా రాస్తున్నాను. ఇక్కడికి దగ్గర్లోని సిప్పిఘాట్‌లో మా మామయ్య వరి పొలం 2004 డిసెంబరు 26న ఉప్పునీళ్లలో మునిగింది. సునామీ వెనక్కి పోయింది గానీ నీళ్లు పోలేదు. ఈ చుట్టుపక్కల నేలే దాదాపు మీటరు కుంగింది మరి! ఇప్పటికీ పోటు వచ్చినప్పుడల్లా గట్టు దాటి నీళ్లొస్తాయి. వరి మడిలో మడచెట్లు మొలిచాయి. తల రాలిపోయిన కొబ్బరి మొద్దులు మిగిలాయి. రికార్డులో మాత్రం అది ఇంకా వరి పొలమే. మార్చమని వెళ్తే ఆఫీసులో ఒకాయన, "నేల కుంగిందనడానికి ఆధారం ఉందా?" అన్నారు. పోటు టైముకి వచ్చి చూడమన్నాం. ఆ టైముకి ఆయనకు మీటింగట.

ఆధారాలకేం కొదవండీ? ఇండియాను మోసే భూఫలకం మా దీవుల కిందికి దూరే చోట ఆ రోజు వచ్చిన భూకంపంలో సుమత్రా నుంచి ఉత్తర అండమాన్ దాకా సుమారు 1300 కిలోమీటర్ల పొడవున పగులు కదిలింది. ఉత్తర అండమాన్ పడమటి తీరం పైకి లేచి, పగడపు దిబ్బలు ఎండకు చచ్చిపోయాయి. గ్రేట్ నికోబార్‌లో, దేశపు దక్షిణ కొసన ఉన్న ఇందిరా పాయింట్ 4 మీటర్లకు పైగా దిగిపోయి లైట్‌హౌస్ అడుగుభాగం నీళ్లలో మునిగింది.

దానికి దగ్గర్లోనే, గలాథియా బేలో, మీరు పోర్టు కడతామంటున్నారు. వింటేనే మాకు టెన్షన్. అంత పెద్ద భూకంపం 420 నుంచి 750 ఏళ్లకోసారి వస్తుందని ప్రాజెక్టు పర్యావరణ నివేదికలో రాశారు. సంతోషం. తీవ్రత 7.5 దాటినవి 80 నుంచి 120 ఏళ్లకోసారి వస్తాయనీ అందులోనే ఉంది కదా! అండమాన్‌లో 7.7 వచ్చింది 1941లో. లెక్క మీరే వేసుకోండి.

దయచేసి మా నేల ఎత్తు మళ్లీ కొలిపించండి. బడులూ ఆసుపత్రులూ ఊపును తట్టుకుంటాయో లేదో చూపించండి. మునిగిన పొలాలకు ఏదో ఒక దారి చూపండి. పోర్టు సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు. ఇవేవీ కుదరకపోతే, కనీసం అర్జీ అందిందని ఒక రసీదు పంపండి. ఇంతవరకు అదీ రాలేదు.

ఇట్లు,
పోర్ట్ బ్లెయిర్ వాసి