ప్రహరీ దాటిన కొమ్మలు

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల ఉత్తరం మీ ఇంటి ప్రహరీ దాటి రోడ్డు మీదికి వంగిన కొమ్మల గురించి. చెట్టు మొదలు ఎవరి స్థలంలో ఉంటే ఆ కొమ్మల బాధ్యత వాళ్లదే, అవి ఎంత దూరం సాగినా సరే. అద్దెకున్నవాళ్లు ఇంటివాళ్లకు చెప్పి కొట్టించండి.

కంచె మొక్కలు ఫుట్‌పాత్ మీదికి ఒక్క అడుగు పెరిగినా చాలు, పక్కపక్కన నడిచే ఇద్దరు పిల్లల్లో ఒకరు రోడ్డు మీదికి దిగాల్సివస్తుంది. ఒకటో తరగతి పిల్లల ఎత్తు సుమారు 110 సెంటీమీటర్లు. పెద్దవాళ్లకు నడుము దగ్గర గీసుకునే కాగితంపూల ముల్లు వాళ్లకు సరిగ్గా కంటికి తగులుతుంది. కంచెను ప్రహరీ హద్దు కంటే జానెడు లోపలికే కత్తిరించండి, మళ్లీ చిగుళ్లు వచ్చినా దారికి అడ్డం రావు. అడుగున వెడల్పుగా, పైన సన్నగా ఉంచితే కింది ఆకులకూ ఎండ తగిలి కంచె బోసిపోదు.

అన్నిటికంటే నాకు భయం వేసేది మలుపులూ గేట్లూ. కారు నడిపేవాళ్ల కన్ను రోడ్డుకు మీటరు ఎత్తుకు కాస్త పైన ఉంటుంది, అంతే. మీటరు కంచె వెనక నిలబడ్డ బిడ్డ వాళ్లకు దాదాపు కనబడదు. అక్కడ కంచెను 60 సెంటీమీటర్లు దాటనివ్వకండి.

పైకొమ్మల నియమాలు ఊరికో రకంగా ఉంటాయి. నడిచే దారి మీద రెండున్నర మీటర్లు, వాహనాలు తిరిగే చోట ఐదు మీటర్లు ఖాళీ ఉంటే బస్సు కూడా నడిరోడ్డుకు జరగకుండా వెళ్తుంది. వాన వెలిశాక కొలవండి. తడిసిన ఆకుల బరువుకి కొమ్మ బాగా కిందికి దిగుతుంది, అసలు ఎత్తు అదే. వీధి దీపం, రోడ్డు గుర్తుల బోర్డు కనబడుతున్నాయో లేదో కూడా చూడండి.

లావు కొమ్మను ఒక్క కోతతో పైనుంచి కోస్తే సగంలో విరిగి మాను బెరడును చీల్చుకుంటూ పడుతుంది. మూడు కోతలు వేయాలి. మానుకు అడుగు దూరంలో కింది వైపు మూడో వంతు లోతు కోయండి. ఇంకో రెండంగుళాలు అవతల పైనుంచి కోసి కొమ్మను దింపండి. మిగిలిన మోడును, కొమ్మ మానుతో కలిసే చోట కనబడే ఉబ్బుకు కాస్త బయటగా కోయండి. ఆ ఉబ్బు కోస్తే గాయం మానదు, మోడు వదిలేస్తే కుళ్లు లోపలికి పాకుతుంది. గాయానికి రంగూ తారూ పూయకండి, చెట్టు తనే మాన్పుకుంటుంది. ఒక్క ఏడాదిలో ఆకుల గుబురులో నాలుగో వంతుకు మించి తీయకండి.

ముందు గూళ్లున్నాయేమో చూడండి, గుడ్లో పిల్లలో ఉంటే అవి ఎగిరిపోయేదాకా ఆగండి. కరెంటు తీగకు దగ్గరున్న కొమ్మ జోలికి మాత్రం ఎవరూ పోవద్దు. పచ్చి కొమ్మలోంచీ షాకు కొడుతుంది. విద్యుత్ శాఖవాళ్లకు చెప్పండి, వాళ్లే లైను ఆపి కొడతారు. నిచ్చెనెక్కి రంపం పట్టాల్సిన పని అనుభవమున్న మనిషికి అప్పగించండి, కొమ్మ పడేటప్పుడు రోడ్డు మీద కాపలాకు ఇంకొకరిని పెట్టండి. పని బడి మొదలయ్యే, వదిలే వేళల్లో వద్దు. కొట్టిన ముళ్లకంప అదే రోజు ఎత్తేయాలి, లేకపోతే పొద్దున్నే పిల్లల సైకిలు టైర్లు పంక్చరవుతాయి.

ఫుట్‌పాత్ మీది చెట్టు మున్సిపాలిటీదైతే మీరు కొట్టకండి, ఫొటోతో వాళ్లకు ఫిర్యాదివ్వండి. బడి బస్సుకు కొమ్మలు రాసుకునే చోటు ఏదైనా మీ కంటబడితే ఆ వీధి పేరు మా ఆఫీసులో చెప్పండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు