నాన్నగారికి, ఆటల పెట్టెల కొరత గురించి

ఎడిసన్, న్యూజెర్సీ
డిసెంబరు 22, 2007

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. అమ్మకు మోకాలి నొప్పి తగ్గిందని తమ్ముడు చెప్పాడు. తగ్గింది కదా అని వ్యాయామాలు మానేయవద్దని నా మాటగా గట్టిగా చెప్పండి.

పోయినసారి ఫోనులో మీరన్న మాట నా మనసులో తిరుగుతూనే ఉంది. మీ మనవడు అడిగిన వీడియో ఆటల పెట్టె ఎక్కడా దొరకడం లేదంటే, "పండగ ముందు సరుకు మాయమైందంటే దాచినవాడు ఎక్కడో ఉంటాడు, గిడ్డంగులు వెతకమనాలి" అన్నారు. పౌర సరఫరాల శాఖలో ఏళ్ల తరబడి పనిచేసినవారు మీరు. మీ మాటను తేలిగ్గా తీసుకోలేను. ఇక్కడ మా ఆసుపత్రిలోనూ, పిల్లల బడి దగ్గరా సగం మంది అదే అంటున్నారు. కంపెనీ కావాలనే తక్కువ పంపుతోందట. దొరకకపోతే వార్త అవుతుంది, వార్త అయితే పైసా ఖర్చు లేని ప్రకటన. దీని గురించి నాలుగు విషయాలు చదివాను. ఫోనులో తీరిగ్గా చెప్పే వీలుండదు కనుక రాస్తున్నాను.

ఇది నింటెండో అనే జపాన్ కంపెనీ తయారీ. పేరు వీ. పోయిన ఏడాది నవంబరు 19న అమెరికాలో విడుదలైంది, ధర 250 డాలర్లకు ఒక్క సెంటు తక్కువ. చేతిలో చిన్న రిమోట్ పట్టుకుని ఊపితే టీవీ తెర మీద టెన్నిస్ బ్యాటు ఊగుతుంది. వీడియో ఆటలంటే ఏమిటో తెలియనివాళ్లు కూడా వెంటనే ఆడగలరు. వృద్ధాశ్రమాల్లో పెద్దవాళ్లు దీనితో బౌలింగ్ పోటీలు పెట్టుకుంటున్నారు. మా ఫిజియోథెరపీ విభాగంలోనూ ఒకటి ఉంది. పక్షవాతం తర్వాత చెయ్యి ఎత్తమంటే విసుక్కునే ఒక పెద్దాయన తెర మీద బంతి విసరడానికి మాత్రం పట్టుదలగా ఎత్తుతాడు. అది కళ్లారా చూశాను కాబట్టి దీన్ని పిల్లల మారాం అని కొట్టిపారేయలేను.

అనుమానానికి చరిత్ర ఉంది నాన్నగారూ. 1989 డిసెంబరులో డెన్నిస్ ఎకార్ట్ అనే ఒహాయో కాంగ్రెస్ సభ్యుడు ఇదే నింటెండో మీద దర్యాప్తు జరపమని న్యాయశాఖను కోరాడు. సరఫరాను గుప్పిట్లో పెట్టుకుంటోందన్నది ఆరోపణల్లో ఒకటి. 1991లో కంపెనీ ప్రభుత్వంతో రాజీకి వచ్చి కొనుగోలుదారులకు 5 డాలర్ల కూపన్లు ఇచ్చింది. ఆ రాజీ దుకాణదారులను ధర తగ్గించనివ్వలేదన్న ఫిర్యాదుకు సంబంధించినదే, సరుకు దాచడం గురించి కాదు. అయినా ఒకసారి పోయిన నమ్మకం అంత తేలిగ్గా తిరిగి రాదు. 2000లో సోనీ కంపెనీ తన ఆటల పెట్టె ప్లేస్టేషన్ 2 అమెరికా విడుదల రోజుకు 10 లక్షలు సిద్ధంగా ఉంటాయని చెప్పి, విడిభాగాలు అందలేదంటూ 5 లక్షలే పంపింది. 2005లో మైక్రోసాఫ్ట్ పెట్టె వచ్చినప్పుడూ ఇదే గుసగుస.

పోయిన ఏడాది ప్లేస్టేషన్ 3 విషయం చూడండి. డిస్కును చదివే నీలి లేజర్ డయోడ్లు చాలక యూరప్ విడుదలను మార్చికి వాయిదా వేశారు, ఇక్కడ జనం దుకాణాల ముందు గుడారాలు వేసుకుని పడుకున్నారు. ఇప్పుడో, అడిగితే ఇస్తున్నారు. జూలైలో ధర వంద డాలర్లు తగ్గించారు, నవంబరులో 399 డాలర్ల రకం ఇంకోటి తెచ్చారు. కొరతే గిరాకీని పుట్టిస్తుందనుకుంటే, మొదట అంత కరువు చూపిన సరుకు ఏడాది తిరగకుండా అరల్లో ఎందుకు మిగలాలి?

ఇక వీ సంగతి. మామూలుగా బొమ్మల వ్యాపారంలో వేసవి నుంచీ తయారుచేసి నిల్వ పెడతారు. నవంబరు, డిసెంబరు గిరాకీని ఏ కర్మాగారమూ ఆ రెండు నెలల్లోనే తయారుచేసి తీర్చలేదు. చైనాలో తయారైన సరుకు ఓడలో ఇక్కడికి చేరడానికే వారాలు పడుతుంది. వీ మాత్రం వచ్చింది వచ్చినట్టు ఏడాది పొడుగునా అమ్ముడుపోయింది. జూన్‌లోనూ దొరకలేదు, సెప్టెంబరులోనూ దొరకలేదు. పండగ కోసం పక్కన పెట్టడానికి ఏమీ మిగలలేదు. మీరు వెతకమన్న గిడ్డంగి నిజంగా ఉండి ఉంటే ఈ క్రిస్మస్‌కు ఇంత కటకట వచ్చేది కాదని నాకు అనిపిస్తోంది.

అలాగని మొత్తం తక్కువే పంపుతున్నారనీ కాదు. నవంబరు ఒక్క నెలలో అమెరికాలో 9 లక్షల 81 వేలు అమ్ముడయ్యాయి. నెలకు 18 లక్షలు తయారుచేస్తున్నామని నింటెండో అమెరికా అధ్యక్షుడు రెజీ ఫిసమే మొన్ననే చెప్పాడు. వచ్చే మార్చితో ముగిసే సంవత్సరానికి ప్రపంచమంతా కలిపి 1.4 కోట్లు అమ్ముతామనుకుని, జూలైలో 1.65 కోట్లకూ అక్టోబరులో 1.75 కోట్లకూ అంచనా పెంచుకున్నారు. మరి మొదటే ఎందుకు పెంచలేదు? భయం. వీళ్ల ముందటి పెట్టె గేమ్‌క్యూబ్ అమ్ముడుపోక 2003లో కొన్ని నెలలు తయారీనే ఆపుకున్నారు. అంతకు ఇరవై ఏళ్ల ముందు అటారీ అనే వీడియో ఆటల కంపెనీ విచ్చలవిడిగా తయారుచేసి, మిగిలిపోయిన సరుకును న్యూమెక్సికోలో అలమోగోర్డో అనే ఊరి చెత్తగుంటలో పూడ్చిపెట్టింది. ఆ దెబ్బకు అమెరికాలో ఈ వ్యాపారమే కుప్పకూలింది. మిగిలిపోవడం కంటే తక్కువ పడటమే నయమన్న జాగ్రత్త అక్కడి నుంచి వచ్చింది.

పైగా అసలు లాభం పెట్టె మీద కన్నా ఏళ్ల తరబడి అమ్ముడుపోయే ఆటల మీద. పెట్టె చేరని ఇంట్లో ఆటా అమ్ముడుపోదు. దాచితే నష్టపోయేది వాళ్లే.

ఇంత చెప్పినా కంపెనీని పూర్తిగా వదిలిపెట్టడానికి నాకు మనసొప్పడం లేదు. మొదటి ఏడాది అంచనా తప్పిందంటే ఒప్పుకుంటాను. రెండో ఏడాది కూడా తల్లిదండ్రులను చలిలో నిలబెట్టడం, నష్టం తమ మీద పడకుండా చూసుకుని ఆ భారమంతా కొనేవాళ్ల మీదకు నెట్టడమే. ఏ వారం ఎన్ని వస్తున్నాయో ముందుగా చెబితే ఎంత మేలు! అది మాత్రం ఎవరూ చెప్పరు.

మీరు చెప్పే దాచివేత మాత్రం నాకు దుకాణాల వెనక గదుల్లో కనిపించింది. ఇక్కడ ఆదివారం పత్రికలతో పాటు దుకాణాల ప్రకటనల కాగితాలు వస్తాయి. 'ఈ ఆదివారం మా దగ్గర వీ ఉంది' అని అందులో వేయడానికి, వారం మధ్యలో వచ్చిన సరుకును బయట పెట్టకుండా ఉంచేస్తారు. బుధవారం వెళ్లి అడిగితే లోపల ఉన్నాయని చెప్పి మరీ ఇవ్వనన్నారు. ఇంకొక చోట అయిదు ఆటలు, అదనపు రిమోట్లు కలిపి కొంటేనే పెట్టె ఇస్తామన్నారు. ఆదివారం తెల్లవారుజామునే వరుసలో నిలబడి కొన్నవాళ్లలో కొందరు అదే సాయంత్రం ఇంటర్నెట్ వేలంలో ఒకటిన్నర రెట్ల ధరకు, ఇంకా ఎక్కువకూ పెడుతున్నారు. మాతో పనిచేసే ఒక నర్సుకు శనివారం రాత్రులు డ్యూటీ. ఆమె ఏ ఆదివారమూ వరుసలో నిలబడలేదు. ఇద్దరు పిల్లల తల్లి, తిరిగి అమ్ముకునేవాళ్లకు ఆ హెచ్చు ధర ఇచ్చుకోలేదు. నా కోపమంతా అక్కడే ఉంది. గంటల తరబడి నిలబడే తీరిక ఉన్నవాడికే సరుకు అందడం ఏ లెక్కన న్యాయం?

మొన్న 20, 21 తేదీల్లో దేశమంతా శాఖలున్న ఒక దుకాణాల సంస్థ పూర్తి సొమ్ము కట్టించుకుని హామీ పత్రాలు ఇచ్చింది. జనవరి 29లోగా పెట్టె ఇస్తారట. నిన్న ఆసుపత్రి నుంచి నేరుగా వెళ్లి ఒకటి తీసుకున్నాను, ఆ నర్సును కూడా వెంట తీసుకెళ్లాను. జనవరిలో ఎలాగూ అమ్ముకునే సరుకుకు ముందే డబ్బు లాగుతున్నారని మీరనవచ్చు, అదీ నిజమే. కానీ వరుస లేదు, వేలం లేదు, అసలు ధరకే వస్తుంది. ఈ పని నవంబరులోనే చేసి ఉంటే సగం గొడవ ఉండేది కాదు.

మీ కాలంలో తనిఖీలకు వెళ్లినప్పుడు, నిజంగా సరుకు రాని దుకాణానికీ దాచిన దుకాణానికీ తేడా ఏ పుస్తకం చూసి పట్టేవారో నాకు రాయండి, తెలుసుకోవాలని ఉంది. బాబు క్రిస్మస్ రోజున మీకు ఫోను చేస్తాడు. హామీ పత్రం సంగతి వాడికింకా తెలియదు, తమ్ముడిని కూడా నోరు జారవద్దని చెప్పండి.

అమ్మకు నా నమస్కారాలు.

మీ అమ్మాయి