ఆ పలక మీద గెంటేసిన వాళ్ల పేర్లేవి?

సంపాదకులకు నమస్కారం.

కాలేజీలను తనిఖీ చేసి గ్రేడులిచ్చే నాక్ బృందం వస్తోందంటే మన పాత ప్రభుత్వ కాలేజీల్లో గోడలకు సున్నాలు వేయించడంతో పాటు ఇంకో పని కూడా జరుగుతుంది. ‘మా ప్రముఖ పూర్వ విద్యార్థులు’ అని ఒక జాబితా తయారవుతుంది. అది ఫ్లెక్సీ మీదికో, ప్రిన్సిపాల్ గది బయట గ్రానైట్ పలక మీదికో ఎక్కుతుంది. ఇరవై రెండేళ్లు కాలేజీ లైబ్రరీల్లో పని చేశాను కాబట్టి అలాంటి జాబితాలు మూడు నా చేతుల మీదుగానే వెళ్లాయి. మూడూ ఒకే అచ్చు. ముందు మంత్రులు, తర్వాత కలెక్టర్లు, తర్వాత జడ్జీలు, చివర్లో ఫొటో బాగుంటుందని ఒక సినిమా నటుడు. ఆయన చదివింది ఒక్క ఏడాదే అయినా సరే.

ఒక కాలేజీలో, పేరు ఎందుకు లెండి, కమిటీ కూర్చున్నప్పుడు నేను ఒకాయన పేరు చెప్పాను. స్వాతంత్ర్యోద్యమం రోజుల్లో క్లాసులు బహిష్కరింపజేశాడని ఆ కాలేజీ వాళ్లే టీసీ చేతికిచ్చి పంపేసిన మనిషి. “సస్పెండైన వాడి పేరు పెడితే పిల్లలకి ఏం మెసేజ్ వెళ్తుందండీ?” అన్నారొకరు. ఇంతలో టీ వచ్చింది, మాట మారిపోయింది. ఆయన పేరు పలక ఎక్కలేదు. ఈ ఉత్తరం ఆ రోజు నోట్లోనే మిగిలిపోయిన జవాబు అనుకోండి.

రాజమండ్రి సంగతే తీసుకుందాం. 1907 ఏప్రిల్‌లో స్వదేశీ ఉద్యమ నాయకుడు బిపిన్ చంద్ర పాల్ ఆ ఊరొచ్చి ఉపన్యాసాలిచ్చారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు వాటిని అప్పటికప్పుడు తెలుగు చేసి జనానికి వినిపించారు. ఆ వేడి చల్లారకముందే విద్యార్థులు చొక్కాలకు ‘వందేమాతరం’ బ్యాడ్జీలు తగిలించుకుని క్లాసులకు వెళ్లారు. తీసేయమన్నారు ప్రిన్సిపాల్ మార్క్ హంటర్. కుర్రాళ్లు వినలేదు. వేటు పడిన వాళ్లలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఒకరు. కర్నూలు వాడు, అప్పటికే ఎం.ఏ. చదివి ట్రైనింగ్ కాలేజీలో పంతులు పని నేర్చుకుంటున్నాడు. కాలేజీ నుంచి వెళ్లగొట్టడంతో ఊరుకోలేదు, సర్కారు కొలువుకు కూడా దారి మూసేశారు.

మరుసటి ఏడు, 1908లో, ఆయన బెజవాడలో ‘స్వరాజ్య’ పత్రిక నడుపుతూ రాజద్రోహం కేసులో జైలుకెళ్లారు. అక్కడితో కథ అయిపోయి ఉంటే ఉద్యమకారుల జాబితాలో ఒక పేరుగా మిగిలేవారేమో. కానీ ఆయన తర్వాతి జీవితమంతా గ్రంథాలయాలకు, వయోజన విద్యకు పోసేశారు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘానికి ఏళ్ల తరబడి అధ్యక్షులుగా ఉండి ఊరూరా తిరిగారు. పంతులు పనికి పనికిరాడని ఒక ప్రిన్సిపాల్ తేల్చేసిన మనిషి, బడి మొహం చూడని పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పించే పని నెత్తికెత్తుకున్నాడు. మా లైబ్రేరియన్లకు ఆయన ఇంటి పెద్ద లాంటివారు, అందుకే కొంచెం ఎక్కువే రాస్తున్నాను, మన్నించాలి.

అదే ఊళ్లో, హంటర్ తర్వాత కొద్ది ఏళ్లకే, ఆర్ట్స్ కాలేజీకి ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రిన్సిపాల్‌గా వచ్చారు. ఆయనా ఇంగ్లీషు దొరే. కానీ ఈ దొర కుర్రాళ్ల చొక్కాల మీది బ్యాడ్జీల వంక కాక చేతుల వంక చూశాడు, ఎవరి చేతిలో బొమ్మ ఉంది, ఎవరి చేతిలో పద్యం ఉంది అని. అడివి బాపిరాజు ఆయన శిష్యుడే. చిత్రకారుడు దామెర్ల రామారావు 1916లో బొంబాయి జె.జె. చిత్రకళా స్కూలుకు వెళ్లింది కూడా ఆయన ప్రోత్సాహంతోనే. దామెర్ల 1925లో, ముప్పై ఏళ్లు కూడా నిండకుండానే పోయారు. ఆ కాస్త కాలంలో ఆయన వేసిన బొమ్మలు ఇప్పటికీ రాజమండ్రిలో ఆయన పేరున్న గ్యాలరీలో చూడొచ్చు. పదవిని బట్టి పేర్లు ఏరితే దామెర్ల ఏ వరుసలో నిలబడతారు? ఆయనకు హోదా లేదు, కారు లేదు, రిబ్బను కత్తిరించడానికి వచ్చే అవకాశమూ లేదు.

ఇది మన ఒక్క ఊరి కథ కాదు. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీ 1916లో ఓటెన్ అనే ప్రొఫెసర్ మీద జరిగిన దాడి కేసులో సుభాష్ చంద్ర బోస్‌ను బయటికి పంపింది. ఆయన స్కాటిష్ చర్చ్ కాలేజీలో చేరి 1919లో బి.ఏ. ముగించారు. ఈరోజు బోస్ మా వాడంటే మా వాడని చెప్పుకోవడానికి ఎవరూ మొహమాటపడరు. హైదరాబాద్ సంస్థానంలో 1938లో వందేమాతరం పాడి తీరతామన్న విద్యార్థులను ఉస్మానియా బయటికి పంపింది. నాగపూర్ విశ్వవిద్యాలయం పిలిచి సీట్లిచ్చింది. అలా వెళ్లిన వాళ్లలో పి.వి. నరసింహారావు ఒకరు. ప్రధాని అయ్యారు కాబట్టి ఆయన పేరు అందరూ తలుచుకుంటున్నారు. ఆయనతో పాటు పెట్టె సర్దుకున్న మిగతా కుర్రాళ్ల పేర్లు ఎన్ని కాలేజీల పలకల మీద ఉన్నాయి?

ఇంకో తంటా కూడా ఉంది. ఈ జాబితాల్లో చాలావరకు చెప్పుడు మాటలే. పాఠం చెప్పినవారిని, చదువుకున్నవారిని కలిపి కలగూరగంప చేస్తారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ రాజమండ్రిలో కొంతకాలం పాఠాలు చెప్పారు. ఆయన చదివింది మాత్రం మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో. వీరేశలింగం గారు కూడా రాజమండ్రి కాలేజీలో తెలుగు పండితులే. 1881 డిసెంబర్ 11న ఆయన తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు ఊరు వెలేస్తానంటే ఆయన పక్కన నిలబడింది శిష్యులు. నన్నడిగితే ఏ కాలేజీకైనా ‘ప్రముఖ పూర్వ విద్యార్థులు’ అంటే ముందు వాళ్లే. పంతులు గారి పేరు ఊరంతటికీ తెలుసు, ఆ కుర్రాళ్ల పేర్లు అడిగితే తడుముకోవాల్సిందే.

ఇవన్నీ తేల్చేవి అడ్మిషన్ రిజిస్టర్లు, టీసీ పుస్తకాలు. ఎవరు ఎప్పుడు చేరారు, ఎందుకు వెళ్లారు, ‘కండక్ట్’ గడిలో ఏం రాశారు, అన్నీ వాటిలోనే ఉంటాయి. అవి ఎక్కడున్నాయో చూస్తే కడుపు తరుక్కుపోతుంది. స్టోర్ రూములో విరిగిన బెంచీల కింద, పాత జవాబు పత్రాల మూటల మధ్య, చెదలు తిన్నంత తిని వదిలేసిన చోట. ఆ రోజు కమిటీలో నేను పేరు చెప్పిన పెద్దమనిషి పేజీ నా కళ్లతో చూశాను. పేరు మీద ఎర్ర సిరాతో అడ్డగీత ఉంది. తర్వాత ఆఫీసు గది మార్చినప్పుడు ఆ బీరువా ఎటు పోయిందో చెప్పే నాథుడు లేడు.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కళాశాల విద్యాశాఖ వాళ్లకు నా విన్నపం ఒక్కటే. వందేళ్లు దాటిన ప్రతి కాలేజీలో, 1947కు ముందు నాటి రిజిస్టర్లను ముందుగా స్కాన్ చేయించండి. పలకలు ఆ తర్వాత చెక్కుకోవచ్చు. చెక్కేటప్పుడు బహిష్కరించిన వాళ్ల పేర్లు కూడా వేసి, ఏ ఏడాది, ఏ కారణంతో పంపారో పక్కనే రాయండి. కారణం చదివితే పిల్లలు చెడిపోతారన్న భయం నాకైతే లేదు.

ఖర్చు అంటారేమో. పాత పేజీలు జాగ్రత్తగా తిప్పడం తెలిసిన రిటైర్డ్ లైబ్రేరియన్లు ప్రతి జిల్లాలో ఉన్నారు, జీతం అడగరు. నేనూ ఒకణ్ణి. దుమ్ముకు ఎలర్జీ ఉంది, మాస్క్ పెట్టుకుని వస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత లైబ్రేరియన్,
తూర్పు గోదావరి జిల్లా