రైలు గేమ్ ఆగిపోతే ముందు ర్యామ్ కొనొద్దు: షాపులో మారిన పద్ధతి, రేట్లు

కస్టమర్లందరికీ నమస్తే.

ట్రైన్ సిమ్యులేటర్, ఓపెన్ రైల్స్, ట్రైన్ సిమ్ వరల్డ్ ఆడేవాళ్లు హనుమకొండ, కాజీపేట నుంచే కాదు, పెద్దపల్లి, మంచిర్యాల నుంచి కూడా సీపీయూ పట్టుకొని వస్తున్నారు. అందరి మాటా దాదాపు ఒకటే: "గేమ్ సగంలో ఆగిపోతోంది, మెమరీ లేదంటోంది, ఇంకో 8 జీబీ వేసెయ్యండి." ఇకమీదట ఈ కంప్లయింట్‌తో వచ్చినవాళ్లకు చెక్ చేయకుండా ర్యామ్ అమ్మం. చెకింగ్‌కు 300 రూపాయలు. పార్టు ఏదైనా మా దగ్గరే తీసుకుంటే ఆ 300 బిల్లులో తగ్గిస్తాం. ర్యామ్ అమ్మితే మాకు నాలుగు పైసలు మిగులుతాయి, అబద్ధమెందుకు. కానీ ర్యామ్ రేట్లు ఇంతగా పెరిగిన టైంలో వేలు పెట్టించి, అయినా ఆగని క్రాష్‌తో అదే సీపీయూ మళ్లీ మా టేబుల్ మీదికి రావడం మీకూ నష్టమే, మాకూ నష్టమే.

ఈ క్రాష్‌లు ఎక్కువగా నాలుగు చోట్ల నుంచి వస్తాయి: గేమ్‌కే ఉన్న హద్దు, విండోస్ పేజ్ ఫైల్ (ర్యామ్‌కు తోడుగా విండోస్ డ్రైవు మీద వాడుకునే చోటు), గ్రాఫిక్స్ కార్డు మెమరీ, నిజంగా చెడిపోయిన ర్యామ్. మొదటి రెండింటికి మీరు పైసా ఖర్చు పెట్టక్కర్లేదు. కింద రాసింది ఇంట్లో చేసి చూసుకుంటే చాలామందికి షాపుదాకా వచ్చే పనే ఉండదు.

ముందు మీ గేమ్ 32-బిట్టా, 64-బిట్టా తేల్చుకోండి. గేమ్ నడుస్తుండగా కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. డీటెయిల్స్‌లోకి వెళ్లి, కాలమ్ పేర్ల మీద రైట్ క్లిక్ చేసి, సెలెక్ట్ కాలమ్స్‌లో ప్లాట్‌ఫామ్ (32-బిట్టో 64-బిట్టో చెప్పేది), కమిట్ సైజ్ (గేమ్ విండోస్ దగ్గర తన పేరు మీద రాయించుకున్న మెమరీ) రెండింటికీ టిక్ పెట్టండి. 32-బిట్ ప్రోగ్రామ్‌కు విండోస్ ఇచ్చే అడ్రస్ స్థలం మామూలుగా 2 జీబీ. ఆ ప్రోగ్రామ్‌లో లార్జ్ అడ్రస్ అవేర్ అనే గుర్తు పెట్టి ఉంటే, 64-బిట్ విండోస్ మీద 4 జీబీ దాకా వెళ్తుంది. బోర్డు మీద 64 జీబీ ఉన్నా ఆ హద్దు దాటి ఒక్క బైటు రాదు. పైగా ఆ 2 జీబీ పూర్తిగా నిండేదాకా కూడా ఆగదు. ఖాళీ అంతా ముక్కలు ముక్కలుగా మిగిలి, పెద్ద టెక్స్చర్‌కు, అంటే బోగీల్లాంటి మోడళ్ల మీద అతికించే బొమ్మకు, ఒకే వరుసలో చోటు దొరక్క ముందే పడిపోతుంది. కమిట్ సైజ్ 2 జీబీ అంచుకు చేరుతూ గేమ్ పోతోందంటే జవాబు దొరికినట్టే.

డవ్‌టెయిల్ వాళ్ల ట్రైన్ సిమ్యులేటర్‌కు 2018లో, ట్రైన్ సిమ్యులేటర్ 2019తో పాటు, 64-బిట్ వెర్షన్ వచ్చింది. అయినా ఇప్పటికీ పాతదే ఆడేవాళ్లు ఉన్నారు, తెలియక. డెస్క్‌టాప్ మీద ఎప్పటిదో షార్ట్‌కట్ ఉంటుంది, అది రైల్‌వర్క్స్ ఫోల్డర్‌లోని 32-బిట్ ఫైలునే తెరుస్తుంది. పేరు చివర 64 ఉన్న ఫైలుకు షార్ట్‌కట్ మార్చండి, లేదా స్టీమ్‌లో ప్లే నొక్కినప్పుడు 64-బిట్ ఎంచుకోండి. మైక్రోసాఫ్ట్ ట్రైన్ సిమ్యులేటర్ సంగతి వేరు. 2001 నాటి గేమ్, 64-బిట్ అనేదే లేదు. దాని ఈఎక్స్ఈ ఫైలుకు, పైన చెప్పిన లార్జ్ అడ్రస్ అవేర్ గుర్తు పెట్టే 4 జీబీ ప్యాచ్ వేసుకోవచ్చు, అసలు ఫైలు కాపీ ఒకటి పక్కన పెట్టుకొని.

ఇక మన దగ్గర ఎక్కువమంది ఆడేది ఓపెన్ రైల్స్. మన లోకోలు, మన బోగీలు, మన రూట్లు ఉచితంగా దొరికేది అందులోనే కాబట్టి ఆశ్చర్యం లేదు. పాత వెర్షన్లలో ఆప్షన్స్‌లోని ఎక్స్‌పరిమెంటల్ ట్యాబ్‌లో లార్జ్ అడ్రస్ అవేర్ బైనరీస్ అనే టిక్ ఉంటుంది. అది పెట్టి ఉందో లేదో చూడండి. ఆ తర్వాత చూడాల్సింది రేకు, అంటే ఇంజిన్ వెనక కలిపిన బోగీల వరుస. అసలు మెమరీ తినేది అదే, ఎవరూ అటు చూడరు.

లెక్క చూడండి. 2048 × 2048 టెక్స్చర్ ఒకటి, కంప్రెస్ చేయకపోతే, పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున 16 ఎంబీ. దూరం నుంచి చూపించడానికి దాంతో పాటే ఉండే చిన్న సైజు కాపీలు, అంటే మిప్‌మ్యాప్‌లు, కలిపితే 21.3 ఎంబీ. 24 బోగీలూ ఒకే ఫోల్డర్‌లోని ఒకే టెక్స్చర్ ఫైలును వాడుకుంటే గేమ్ దాన్ని ఒక్కసారే లోడ్ చేస్తుంది, కథ 21 ఎంబీతో అయిపోతుంది. కానీ ప్రతి బోగీ మీద వేరే నంబరు కనబడాలని రీపెయింట్లు దింపి, 24 ఫోల్డర్లలో 24 కాపీలు పెడితే 24 × 21.3, అంటే 512 ఎంబీ. ఎదురు లైన్లో అలాంటిదే ఇంకో ఎక్స్‌ప్రెస్ పెట్టారు, అది ఇంకో 512. లూప్ లైన్లో సింగరేణి బొగ్గు లోడుతో 58 బాక్స్‌ఎన్ (పైకప్పు లేని) వ్యాగన్ల రేకు నిలబెట్టారు, ప్రతి వ్యాగనుకూ సొంత 1024 టెక్స్చర్. ఒక్కోటి 5.3 చొప్పున 309 ఎంబీ. మొత్తం 1,333 ఎంబీ. ట్రాకు, చెట్లు, స్టేషన్లు, సిగ్నళ్లు, కరెంటు స్తంభాలు ఇంకా లెక్కలోకే రాలేదు. 2 జీబీ హద్దులో ఆ గేమ్ నడిచిన కాసేపు కూడా గొప్పే.

మందు కూడా అక్కడే ఉంది. ఆ టెక్స్చర్లను డీఎక్స్‌టీ1 కంప్రెషన్‌తో డీడీఎస్ ఫార్మాట్‌లోకి మార్చితే అదే 2048 బొమ్మ 16 నుంచి 2 ఎంబీకి వస్తుంది. కిటికీ అద్దాల్లాంటి పారదర్శకత ఉన్నవాటికి డీఎక్స్‌టీ5 వాడండి, అది 4 ఎంబీ. మార్చిన ఫైలును పాత ఏస్ ఫైలు (గేమ్ మొదటి నుంచీ వాడే టెక్స్చర్ ఫార్మాట్) పక్కనే అదే పేరుతో పెట్టి, ఆప్షన్స్‌లో ఏస్ కంటే డీడీఎస్‌కు ముందు ప్రాధాన్యమిచ్చే టిక్ పెడితే చాలు. ఇంత పని ఎవరు చేస్తారంటారా, 2048 బొమ్మను 1024కు తగ్గించండి, నాలుగో వంతు అవుతుంది. క్యాబ్‌లో కూర్చుని నడిపేవాడికి వెనక పదిహేనో బోగీ నంబరు ఎలాగూ కనబడదు. ఆడేటప్పుడు ఎఫ్5 నొక్కి, షిఫ్ట్ ఎఫ్5తో పేజీలు మారుస్తూ పోతే మెమరీ వాడకం తెర మీదే కనిపిస్తుంది. రేకు మార్చకముందు, మార్చాక అదే స్టేషన్లో అంకె చూసుకోండి.

ఇక్కడే ఇంకో మాట. ప్రతిసారీ రూట్లో ఒకే చోట, అదే సిగ్నల్ దాటగానే పడిపోతుంటే అది మెమరీ కాకపోవచ్చు. ఆ దగ్గర్లో ఏదో మోడల్ ఫైలు పాడైంది, లేదా అసలు లేనే లేదు. ఓపెన్ రైల్స్ డెస్క్‌టాప్ మీద లాగ్ ఫైలు రాస్తుంది. దాని చివరి పేజీ చదవండి. అవుట్ ఆఫ్ మెమరీ ఎక్సెప్షన్ అని ఉంటే పైన చెప్పిన లెక్క. ఫైల్ నాట్ ఫౌండ్ అనో, ఏదో షేప్ ఫైలు పేరో ఉంటే రూట్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. దానికి ర్యామ్ ఏం చేయలేదు.

గేమ్ 64-బిట్ అయినా మెమరీ లేదంటోందా? పేజ్ ఫైల్ చూడండి. టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్, మెమరీ పేజీలో కమిటెడ్ అని రెండు అంకెలుంటాయి. రెండోది హద్దు: ర్యామ్, పేజ్ ఫైల్ కలిపితే వచ్చేది. మొదటి అంకె దాన్ని తాకితే, ర్యామ్‌లో ఇంకా ఖాళీ కనిపిస్తున్నా గేమ్‌కు మెమరీ ఇవ్వరు. రైలు రిజర్వేషన్ చార్టు లాంటిదే ఇది, మనిషి కూర్చోకపోయినా బుక్కయిన బెర్తు బుక్కయినట్టే. ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్, సిస్టమ్‌లో ఈవెంట్ ఐడీ 2004, రిసోర్స్ ఎగ్జాషన్ డిటెక్టర్ పేరుతో క్రాష్ టైంకు ఎంట్రీ ఉంటే అనుమానమే అక్కర్లేదు. అందులో ఏ ప్రోగ్రామ్ ఎంత మింగిందో పేర్లతో సహా రాసి ఉంటుంది. కొన్నిసార్లు మొదటి పేరు గేమ్‌ది కాదు, వెనకాల ముప్పై ట్యాబ్‌లతో తెరిచి ఉంచిన బ్రౌజర్‌ది.

సరిచేయడం తేలిక. స్టార్ట్‌లో అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్ అని వెతికి తెరవండి. పర్ఫార్మెన్స్ దగ్గర సెట్టింగ్స్, తర్వాత అడ్వాన్స్‌డ్, వర్చువల్ మెమరీ దగ్గర చేంజ్. పైనున్న ఆటోమేటిక్ టిక్ పెట్టి రీస్టార్ట్ చేయండి. 120 జీబీ ఎస్ఎస్‌డీ ఉన్నవాళ్లకు ఇందులో ఒక మెలిక ఉంది. విండోస్ తానుగా పెంచే పేజ్ ఫైల్ మామూలుగా డ్రైవు సైజులో ఎనిమిదో వంతు దాటదు. 120 జీబీ డ్రైవు విండోస్‌లో 111గా కనిపిస్తుంది, అంటే 14 జీబీ లోపే. సీ డ్రైవ్‌లో 5 జీబీయే ఖాళీ ఉంటే ఆ 14 కూడా రాదు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఖాళీ చేయండి, గేమ్‌ను వేరే డ్రైవుకు మార్చండి. రెండో ఎస్ఎస్‌డీ ఉంటే కస్టమ్ సైజులో దాని మీద 16384 ఎంబీ ఇవ్వండి. హార్డ్ డిస్క్ మీద పెడితే క్రాష్ ఆగొచ్చు గానీ గేమ్ నత్తనడక.

గేమింగ్ కోసం లైట్ విండోస్ అని బయట వేయించుకున్న మెషిన్లలో పేజ్ ఫైల్ ఆపేసి ఉండటం మామూలైపోయింది. కొన్నింటిలో ఈవెంట్ లాగ్ కూడా తీసేస్తారు, క్రాష్ అయితే ఆనవాలే దొరకదు. అలాంటి విండోస్‌తో వస్తే మామూలు విండోస్ వేశాకే చెకింగ్ మొదలుపెడతాం. దానికి 500 అదనం, డేటా బ్యాకప్‌తో కలిపి. క్రాక్ చేసిన గేమ్‌లు మాత్రం చూడం. ఫైళ్లు ఎవరు ఎలా మార్చారో తెలియని దాంట్లో క్రాష్‌కు కారణం ఇదీ అని చెప్పి డబ్బులు తీసుకోవడం మాకు ఇష్టం లేదు.

గ్రాఫిక్స్ కార్డు లేకుండా రైజెన్ 5600జీ లాంటి ప్రాసెసర్‌తో నడిపేవాళ్లు టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలో హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్ అంకె చూడండి. 8 జీబీలో 2 జీబీ దాకా గ్రాఫిక్స్‌కు బయోస్‌లోనే (విండోస్ కంటే ముందు నడిచే బోర్డు సెట్టింగ్స్) పోయి ఉండొచ్చు. ఇలాంటి మెషిన్‌కు రెండో 8 జీబీ స్టిక్ నిజంగా పనికొస్తుంది. మెమరీ పెరుగుతుంది, డ్యుయల్ ఛానెల్ వల్ల ఫ్రేములూ పెరుగుతాయి. వీళ్లకు మేమే చెప్పి అమ్ముతాం.

ట్రైన్ సిమ్ వరల్డ్ అన్‌రియల్ ఇంజిన్ 4 మీద నడుస్తుంది. అందులో అవుట్ ఆఫ్ వీడియో మెమరీ అని వస్తే మొదట కార్డు మెమరీయే. 4 జీబీ కార్డయితే టెక్స్చర్ క్వాలిటీ ఒక మెట్టు దించి, స్క్రీన్ పర్సెంటేజ్ 100 దాటకుండా చూడండి. కానీ 12 జీబీ కార్డు పెట్టుకొని, సగం కూడా నిండకుండా అదే మెసేజ్ వస్తోంది, ప్రాసెసర్ ఇంటెల్ 13 లేదా 14వ తరం ఐ7, ఐ9 అనుకోండి, కార్డును అనుమానించకండి. ఆ తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో వోల్టేజీ వల్ల స్థిరత్వం చెడే సమస్య ఉందని ఇంటెల్ 2024లో ఒప్పుకుంది. అదే సంవత్సరం మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్) అప్‌డేట్లు ఇచ్చింది, వారంటీని 2 ఏళ్లు పొడిగించింది. బోర్డు కంపెనీ సైట్ నుంచి తాజా బయోస్ వేయాలి. కరెంటు పోతే బోర్డే పోతుంది, కాబట్టి యూపీఎస్ లేకుండా ఆ పని ఇంట్లో చేయొద్దు. మా దగ్గర 200. అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్ బయోస్‌తో బాగుపడదు, వారంటీ క్లెయిమే దారి. బిల్లు దాచుకోండి.

చివరగా ర్యామ్. ఒక్క గేమే కాదు, బ్రౌజరూ, జిప్ ఫైలు విప్పడమూ తప్పులిస్తుంటే, మెమరీ మేనేజ్‌మెంట్ అని బ్లూ స్క్రీన్ వస్తుంటే, క్రాష్ ఎప్పుడు ఎక్కడ వస్తుందో చెప్పలేకుంటే అప్పుడు దీన్ని అనుమానించాలి. బ్లూ స్క్రీన్ లేకుండా మెషిన్ మొత్తం టక్కున రీస్టార్ట్ అయితే, లాగ్‌లో కెర్నల్ పవర్ 41 ఒక్కటే ఉంటే, ఎస్ఎంపీఎస్ (సీపీయూలోని పవర్ సప్లై డబ్బా), వోల్టేజీ ముందు చూడండి.

బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను ఎక్కువ స్పీడులో నడిపే సెట్టింగ్) ఆపి రెండు రోజులు ఆడండి. 3200 స్టిక్ 2133కో 2666కో దిగుతుంది, క్రాష్ ఆగితే స్టిక్ మంచిదే, ఆ స్పీడును మీ బోర్డు మోయలేకపోతోందన్నమాట. రెండు వేర్వేరు కంపెనీల స్టిక్‌లు కలిపిన మెషిన్లలో ఇది ఎక్కువ. అప్పుడు కాస్త తక్కువ స్పీడులో పెట్టుకోవడం ఉచితం. తర్వాత పవర్ తీగ పీకేసి, స్టిక్‌లు తీసి, బంగారు రంగు అంచును మెత్తటి రబ్బరుతో రుద్ది, పొడి దులిపి పెట్టండి. అప్పటికీ ఆగకపోతే మెమ్‌టెస్ట్86 పెన్ డ్రైవ్‌తో బూట్ చేసి 4 పాస్‌లు నడపండి. 16 జీబీకి గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోండి. ఒక్క ఎర్రర్ వచ్చినా పాసైనట్టు కాదు. అప్పుడు ఒక్కో స్టిక్‌నే, అదే స్లాట్‌లో పెట్టి మళ్లీ నడిపితే ఏది చెడిందో తెలుస్తుంది. నాలుగు స్లాట్ల బోర్డయితే ప్రాసెసర్ నుంచి రెండోది వాడండి. క్యాబినెట్ మూత మూసే టెస్ట్ చేయండి. రామగుండం ఎండల్లో మూసిన క్యాబినెట్‌లో తప్పే స్టిక్, మూత తీసి ఫ్యాన్ కింద పెడితే పాసైపోతుంది. మేము కూడా షాపులో ఏసీకి దూరంగా, మూత బిగించే నడుపుతాం. అందుకే సీపీయూ ఒక రాత్రి మా దగ్గర ఉంచాల్సి వస్తుంది. ఆ రోజే కావాలంటే ఈ టెస్ట్ చేయలేం.

స్టిక్ మీద స్టిక్కర్ చింపకండి, వారంటీ పోతుంది. వారంటీలో ఉన్నదాన్ని కంపెనీ సర్వీస్ సెంటర్‌కు మేమే పంపుతాం, కొరియర్ ఖర్చు మాత్రం మీది.

వచ్చేటప్పుడు మానిటర్, కీబోర్డు అక్కర్లేదు. సీపీయూ, క్రాష్ మెసేజ్‌కు ఫోన్లో తీసిన ఫొటో, ఓపెన్ రైల్స్ అయితే లాగ్ ఫైలు తెండి. ఏ రూటు, ఏ రేకు, ఎంతసేపటికి ఆగుతోందో కాగితం మీద రాసి సీపీయూకు అంటించండి. ఆదివారం చెకింగ్‌కు తీసుకోం.