మానేసిన రోజుల లెక్క తెగినప్పుడు

సంపాదకులకు నమస్కారం.

తాగుడు, మత్తుమందులు మానాలనుకునేవారికి పనికొచ్చే ఫోన్ యాప్‌లను పరిచయం చేసేటప్పుడు అందరూ మెచ్చుకునేది ‘మానేసి ఇన్నాళ్లు’ అని చూపే అంకెనే. ఆ అంకె కొందరికి ఊతమే. కానీ యాప్ మంచిచెడ్డలు తేలేది ఆ లెక్క తెగిన రోజున.

62 రోజులు మందు ముట్టని మనిషి ఒక సాయంత్రం ఒక పెగ్గు తాగి, దాచకుండా యాప్‌లో రాశాడనుకుందాం. తెర మీద 62 పోయి 0 కనిపిస్తుంది. ‘ఎలాగూ పోయింది కదా’ అని ఆ రాత్రే సీసా ఖాళీ చేసే ప్రమాదం అక్కడే ఉంది. ఒక్క తప్పటడుగును పూర్తి ఓటమిగా లెక్కేసుకోవడం మనిషిని పాత దారికే ఈడుస్తుందని మనస్తత్వవేత్త అలన్ మార్లాట్ 1980ల్లోనే వివరించారు. కాబట్టి ‘63 రోజుల్లో 62’ అని చూపే యాప్ కావాలి. వెంటనే అది అడగాలి: ఎన్ని గంటలకు, ఎక్కడ, ఎవరితో, అంతకు గంట ముందు మనసు ఎలా ఉంది? కొన్ని వారాలు రాస్తే ఆ జవాబుల్లో ఒక వరస కనిపిస్తుంది. జీతం అందిన రోజు, గొడవపడిన రాత్రి, నిద్రలేని మర్నాడు. కౌన్సెలర్‌కు కావలసిన అసలు సమాచారం అదే.

తాగాలన్న తహతహ మామూలుగా 15 నుంచి 30 నిమిషాల్లో పెరిగి, మెల్లగా తగ్గుతుంది. ఆ కాసేపట్లో పాస్‌వర్డ్ అడిగే యాప్, నెట్ లేకపోతే తెరుచుకోని యాప్ ఎందుకూ కొరగావు. ఒక్క బటన్ నొక్కగానే ముందే పెట్టుకున్న ముగ్గురి నంబర్లు, తన గొంతుతో తనే రికార్డు చేసుకున్న నాలుగు మాటలు, 20 నిమిషాల టైమర్ రావాలి. ఇంకో చిక్కు ఫోన్‌లోనే ఉంది. బ్యాటరీ ఆదా చేసే సెట్టింగు యాప్‌ను నిద్రపుచ్చితే, సాయంత్రం 6కి రావలసిన హెచ్చరిక అంతా అయిపోయాక 9కి వస్తుంది. ఆ యాప్ ఒక్కదానికి బ్యాటరీ పరిమితి తీసేసి, నోటిఫికేషన్లకు అనుమతివ్వాలి. బార్ దగ్గరికి వెళ్తే హెచ్చరించే రకమైతే లొకేషన్ అనుమతి ‘ఎల్లప్పుడూ’ అని ఉండాలి.

యాప్‌లు పనిచేస్తాయా అంటే, వెనక మనుషులుంటే చేస్తాయి. అమెరికాలో చికిత్సా కేంద్రాల నుంచి బయటికొచ్చిన 349 మందిపై జరిపిన పరిశోధన 2014లో వెలువడింది. ఎ-చెస్ అనే యాప్ ఇచ్చినవారిలో అతిగా తాగిన రోజులు 30 రోజులకు సగటున 1.39, ఇవ్వనివారిలో 2.75. ఆ యాప్‌లో కౌన్సెలర్లు, తోటివారు అందుబాటులో ఉండేవారు. ఒంటరిగా వదిలేసిన యాప్‌ల సంగతి వేరు. మానసిక ఆరోగ్య యాప్‌లను 30వ రోజున తెరిచేవారు నూటికి నలుగురు కూడా ఉండడం లేదని 2019 నాటి ఒక విశ్లేషణ తేల్చింది.

ఒక విషయంలో మాత్రం ఏ యాప్‌నూ నమ్ముకోకూడదు. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగేవారు ఉన్నట్టుండి ఆపితే కొద్ది గంటల్లోనే చేతులు వణకడం మొదలవుతుంది. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి చెదిరి, ప్రాణం మీదికి రావచ్చు. వీరు డాక్టర్ పర్యవేక్షణలోనే మానాలి. హెరాయిన్, మార్ఫిన్ లాంటి ఓపియాయిడ్ మత్తుమందులు కొన్నాళ్లు మాని మళ్లీ పాత మోతాదే తీసుకున్నా ప్రాణం పోవచ్చు, ఎందుకంటే ఆ లోపు శరీరానికి తట్టుకునే శక్తి తగ్గిపోయి ఉంటుంది. అలాగే కుంగుబాటును కొలిచే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళిలో తొమ్మిదో ప్రశ్న ఆత్మహత్య ఆలోచనల గురించి. దానికి 0 (‘అసలు లేవు’) కాని ఏ జవాబు వచ్చినా స్కోరు చూపించి ఊరుకునే యాప్ ప్రమాదకరం. వెంటనే మనిషితో మాట్లాడించాలి.

రాసుకున్నది ఎవరికి చేరుతుందో కూడా చూడాలి. వాడుకరుల వివరాలను ప్రకటనల కోసం పంచిందన్న అభియోగంపై ఆన్‌లైన్ కౌన్సెలింగ్ సంస్థ బెటర్‌హెల్ప్ 78 లక్షల డాలర్లు చెల్లించాలని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో ఆదేశించింది. యాప్ తీసేసినంత మాత్రాన వివరాలు చెరిగిపోవు. ముందు అకౌంట్ తొలగించమని కోరాలి.

మీ పత్రికలో యాప్‌ల జాబితా వేసేటప్పుడు స్టార్ రేటింగుకు బదులు, తప్పిన రోజున అది ఏం చూపిస్తుంది, నెట్ లేకుండా తెరుచుకుంటుందా, వెనక కౌన్సెలర్ ఉన్నారా అన్నవి అచ్చువేయండి.

– ఒక వ్యసన విముక్తి కౌన్సెలర్